హాఫ్ అంటే 35 నిమిషాలు: మెల్‌బోర్న్‌లో నటిగా నా తొలి మూడేళ్లు

నాటకం మొదలయ్యే ముందు నటులకు వినిపించే మొదటి పిలుపును ఆస్ట్రేలియా రంగస్థలం మీద 'హాఫ్' అంటారు. ఆ పేరును నమ్మి 2022 అక్టోబరు 11న, నా మొదటి ప్రదర్శన రోజున, ఆటకు సరిగ్గా అరగంట ముందు నేను గ్రీన్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాను. అప్పటికి స్టేజ్ మేనేజరు చేతిలోని హాజరు పట్టీలో నా పేరు ఎదుట ఒక్కటే ఖాళీగా ఉంది. ఆటకు 5 నిమిషాల ముందే నటులు రంగస్థలం పక్కకు చేరి సిద్ధంగా ఉండాలి, అరగంటను ఆ క్షణం నుంచి వెనక్కి లెక్కపెడతారు, కాబట్టి హాఫ్ అంటే 35 నిమిషాలు. ఆమె కోప్పడలేదు. పెన్సిలుతో గీత పెట్టి, రేపటి నుంచి ఇలా జరగదు కదా అని మాత్రం అడిగింది. తిట్టినా అంతగా తగిలేది కాదు.

మాది తెనాలి. మా నాన్నగారు బ్యాంకులో పనిచేస్తూ పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసేవారు. ప్రతి ప్రయాణానికీ అయిన ఖర్చును ఒక గడిలో, చేతికి వచ్చిన పారితోషికాన్ని ఇంకో గడిలో రాసుకోవడం ఆయన అలవాటు. ఆ రెండో గడి నిండగా తాను ఎన్నడూ చూడలేదని అమ్మ ఎత్తిపొడిచేది. ఆ పుస్తకం అలవాటు నాకూ అబ్బింది కనుక, ఇక్కడ రాస్తున్న తేదీలూ డాలర్లూ జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నవి కావు.

మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి లెక్కల విభాగంలో వారానికి నాలుగు రోజులు పనిచేస్తాను. పద్ధతిగా నటన నేర్చుకోవాలంటే సిడ్నీలోని నైడా అనే జాతీయ నాటక కళా సంస్థలోనో, ఇక్కడి వీసీఏ అనే కళల కళాశాలలోనో మూడేళ్లు పూర్తికాలం చదవాలి. 36 ఏళ్ల వయసులో, ఇంటి అప్పు మెడ మీద ఉండగా, రెండో తరగతి చదివే పిల్లవాడిని పెట్టుకుని ఆ ఆలోచన చేసే వీలు లేదు. అందుకని 2022 ఫిబ్రవరిలో 540 డాలర్లు కట్టి 8 వారాల సాయంత్రపు తరగతిలో చేరాను.

అక్కడ నేర్చుకున్న నటన సంగతి ఎలా ఉన్నా, నా గొంతు గురించి నాకు తెలియని రెండు విషయాలు మూడో వారంలోనే తెలిశాయి. ఇంగ్లీషులో 'టీ', 'డీ' అనే అక్షరాలను ఇక్కడివారు నాలుక కొనను పైపళ్ల వెనకనున్న గట్టుకు ఆనించి పలుకుతారు. మనం నాలుకను అంతకంటే వెనక్కి మడిచి, మన ట, డ లను పలికినట్టే పలుకుతాం. రెండోది, హల్లుతో ఆగిపోయే మాట మన నోటికి పొందదు. కార్డు, బస్సు, గేటు అంటూ చివర ఒక అచ్చును తగిలించడం పుట్టుకతో వచ్చిన అలవాటు, అది నేను తొందరపడినప్పుడల్లా ఇంగ్లీషులోకి కూడా జారి వస్తూనే ఉంది. తెలుగు అజంత భాష అని బడిలో పరీక్షల కోసం బట్టీ పట్టినదాన్ని, దాని అర్థం కాలింగ్‌వుడ్‌లో ఒక పాత గిడ్డంగి మేడ మీద, తెలుగు ముక్క రాని గురువు దగ్గర తెలుసుకున్నాను. ఆ ఉచ్చారణను 'మెత్తబరచుకుంటే' అవకాశాలు పెరుగుతాయని ఆమె సలహా ఇచ్చింది. ఆ సలహా మేలు కోరి ఇచ్చిందే అయినా, ఆ రాత్రి ట్రాములో ఇంటికి వస్తూ ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఏప్రిల్‌లో హెడ్‌షాట్లు, అంటే వేషాల కోసం పంపే ముఖం ఫోటోలు, తీయించుకున్నాను, 385 డాలర్లు అయింది. మన పెళ్లి ఫోటోల అలవాటుతో నగలూ పట్టుచీరా పట్టుకెళ్తే, ఫోటోగ్రాఫరు వాటిని మర్యాదగా పక్కన పెట్టించి, మెడ వరకు ఉన్న సాదా రంగు చొక్కాలు రెండు తొడిగించాడు. ఈ ఫోటో అందంగా ఉండాల్సిన పని లేదు, తలుపు తీసేసరికి ఫోటోలోని మనిషే ఎదురుగా కనపడితే చాలునని చెప్పాడు. బొట్టుతో కొన్ని, బొట్టు లేకుండా కొన్ని తీయించమని నేనే అడిగాను, అది మంచిదైంది. ఆ తరువాతి రెండేళ్లలో బొట్టున్న ఫోటో పంపితే అమ్మ వేషాలకూ, లేనిది పంపితే నర్సు వేషాలకూ పిలుపులు వచ్చాయి. ముఖం మాత్రం అదే.

ఇక ఎదురుచూపులు మొదలయ్యాయి. ఏప్రిల్ నుంచి జులై దాకా 14 చోట్లకు దరఖాస్తు పంపితే నాలుగు చోట్లకు పిలిచారు. మొదటిది బ్రన్స్‌విక్‌లో ఒక చర్చి హాలు. రెండు నిమిషాల ఏకపాత్ర సిద్ధం చేసుకుని రమ్మన్నారు; నెల రోజులు వంటింట్లో వల్లించి వెళితే, నిమిషం దాటీ దాటకముందే థాంక్యూ అనేశారు. బాగా చేయనందువల్లే ఆపేశారని నమ్మి మూడు రోజులు బాధపడ్డాను. చూడాల్సింది చూసేశాక ఆపేయడం అక్కడ మామూలేననీ, తీసుకున్నవాళ్లను కూడా అలాగే ఆపుతారనీ తరువాత తెలిసింది. తీసుకోకపోతే ఉత్తరం ముక్క కూడా రాదన్న సంగతి అంతకంటే ఆలస్యంగా తెలిసింది. ఎంత వరకు ఎదురుచూడాలో ఎవరూ చెప్పరు కాబట్టి, మూడు వారాలు దాటితే ఆ పేరు మీద అడ్డగీత కొట్టేయాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

ఆ ఖాళీ నెలల్లో నేను చేసిన మంచిపని నాటకాలు చూడడం. కార్ల్‌టన్‌లోని లా మామా థియేటరుకు ఎక్కువగా వెళ్లేదాన్ని. 1967లో బెట్టీ బర్‌స్టాల్ ప్రారంభించిన ఆ చిన్న రంగస్థలం 2018 మే నెలలో కాలిపోతే, మళ్లీ కట్టుకున్నారు. ప్రేక్షకుడి మోకాలు నటుడికి తగిలేంత దగ్గరగా కూర్చుంటే, మన పరిషత్తు వేదికల మీద చివరి వరుసకు వినపడేలా గొంతెత్తడం నేర్చుకున్న నాకు, అక్కడి నటులు ఊపిరిని ఎంత పొదుపుగా వాడుతున్నారో కళ్లకు కట్టింది.

జులై 26న మెయిలు వచ్చింది. అక్టోబరులో జరిగే మెల్‌బోర్న్ ఫ్రింజ్ ఉత్సవంలో నలుగురు నటుల కొత్త నాటకం, వృద్ధాశ్రమంలో పనిచేసే ఆడమనిషి వేషం నాది. జీతం ఉండదు, ఖర్చులు పోగా మిగిలినదాన్ని నటులూ మిగతా బృందమూ కలిసి ఏడుగురం సమానంగా పంచుకోవాలని ఒప్పందం. ప్రెస్టన్‌లో ఒక గ్రంథాలయపు సమావేశం గదిలో ఏడు వారాలు రిహార్సల్స్ చేశాం, వారానికి మూడు సాయంత్రాలూ ఆదివారమూ. మావారు వంట నేర్చుకున్నది ఆ ఏడు వారాల్లోనే. నేర్చుకున్నారని ఆయన అంటారు.

థియేటరు ఒక పబ్ మేడ మీద 42 కుర్చీల గది. సామాను లోపలికి చేర్చడాన్ని బంప్ ఇన్ అంటారు, ఆట ముగిశాక తీసేయడాన్ని బంప్ అవుట్ అంటారు, ఇంత చిన్న బృందంలో ఆ రెంటికీ నటులే కూలీలు. అక్టోబరు 9, ఆదివారం నాడు దీపాలనూ ధ్వనినీ సరిచూసుకునే టెక్ రిహార్సల్ 10 గంటలు సాగింది. ఆ పది గంటల్లో నేను పలికిన డైలాగులు ఇరవై కూడా ఉండవు. ఒకచోట నిలబడడం, దీపం మారగానే ఇంకోచోట నిలబడడం, అంతే. నటించడానికి మాత్రమే సిద్ధపడి, తినడానికి ఏమీ తెచ్చుకోకుండా వెళ్లడం నా పొరపాటు. అలా వెళ్లబోయేవారు పెరుగన్నం డబ్బా పట్టుకెళ్లండి.

మొదటి రోజు సాయంత్రం వేషాలు వేసుకుంటుండగా తోటి నటుడొకరు నా వైపు తిరిగి 'చూకస్' అన్నాడు. తుమ్మాడనుకుని అలవాటు కొద్దీ చిరంజీవ అనేశాను. అది ఇక్కడి నటులు ఒకరికొకరు చెప్పుకునే శుభాకాంక్ష అట. ఇక్కడ కోడిని చూక్ అంటారు. హాలు నిండిన రాత్రి నటులకు కోడికూర భోజనం దొరికేదని, ఆ మాట అందులోంచే పుట్టిందని చెప్పుకుంటారు. చిరంజీవ అంటే ఏమిటో నేను వాళ్లకు చెప్పాక, మిగిలిన ఐదు రాత్రులూ మా బృందం రెండూ కలిపి చెప్పుకుంది. నేను నేలను తాకి కళ్లకద్దుకుంటే మాత్రం స్టేజ్ మేనేజరు కంగారుపడి, రంగు ఇంకా తడిగా ఉందా అని అడిగింది.

ఆటకు ముందు ప్రతి రాత్రీ మాలో ఒకరు, ఈ నేల ఇక్కడి ఆదివాసులైన వురుండ్జెరి ప్రజలదని, దాని పెద్దలకు మా గౌరవమని ప్రేక్షకులకు చెప్పాలి. నాలుగో రోజు నా వంతు. నా వేషానికి కూడా అంత భయపడలేదు, ఎందుకంటే అందులో తప్పు పలికితే నా పరువు ఒక్కటే పోతుంది. కానీ వురుండ్జెరి అనే మాట అచ్చుతోనే ముగుస్తుంది. ఎనిమిది నెలలుగా చివరి అచ్చులను తుంచుకుంటూ వచ్చిన నా నాలుకకు ఆ ఒక్క మాట దగ్గర ఏ శ్రమా లేకపోయింది.

ఆరు రాత్రులకు 28 డాలర్ల చొప్పున 151 టికెట్లు అమ్ముడుపోయాయి. రెండో రాత్రి వచ్చినవారు తొమ్మిదిమంది, వారిలో ముగ్గురు మా వీధి తెలుగువాళ్లు. అద్దె, బీమా, దీపాల ఖర్చు పోగా 1,005 డాలర్ల 20 సెంట్లు మిగిలాయి, నా వాటా 143 డాలర్ల 60 సెంట్లు. ఆ వారం ఆసుపత్రిలో జీతం లేని సెలవు నాలుగు రోజులు పెట్టాను. నాన్నగారికి ఫోన్ చేసి చెబితే, "రెండో గడిలో అంకె పడిందన్నమాట, అమ్మాయ్! మీ అమ్మకి ఇస్తున్నా, నువ్వే చెప్పు," అన్నారు.

రేడియో వైపు వెళ్లాలని నేను అనుకోలేదు. నాటకం చూసిన ఒకావిడ, చూపులేని శ్రోతల కోసం దినపత్రికలు చదివి వినిపించే స్వచ్ఛంద రేడియో గురించి చెప్పింది. 2023 జనవరిలో గొంతు పరీక్షకు వెళితే అయిదు నిమిషాలు వార్తలు చదివించుకుని, కొన్నాళ్లు సాధన చేసి మళ్లీ రమ్మన్నారు. మాటలు స్పష్టంగానే ఉన్నాయని, అయితే వాక్యం చివర నా గొంతు పైకి లేస్తుండడంతో వార్త అయిపోయిందో లేదో వినేవారికి తెలియదని చెప్పారు. రోజూ ఉదయం ఒక పేజీ పైకి చదువుతూ 11 వారాలు గడిపి ఏప్రిల్‌లో మళ్లీ వెళితే తీసుకున్నారు. డబ్బు ఏమీ రాదు. కానీ ముందుగా చూసుకునే వ్యవధి లేకుండా గంటసేపు తడబడకుండా చదవడం, కాగితం తిప్పిన చప్పుడు మైకుకు వినపడకుండా తిప్పడం, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కన్ను ముందే వెతికిపెట్టడం, ఇవన్నీ ఆ బల్ల దగ్గరే అలవడ్డాయి.

ఆ రోజుల్లోనే నటుడు పీటర్ ఫించ్ గురించి చదివాను. లండన్‌లో పుట్టి, చిన్నప్పుడు నానమ్మతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, అక్కడి నుంచి 1926లో సిడ్నీ చేరిన మనిషి ఆయన. సిడ్నీలో రంగస్థలం, సినిమా రెండూ చేసినా కడుపు నింపింది ఎక్కువగా రేడియో నాటకమే. 1948లో ఒక గాజు ఫ్యాక్టరీలో, కార్మికుల భోజన విరామంలో ఆయన ఆడిన నాటకాన్ని ఇంగ్లీషు నటుడు లారెన్స్ ఒలీవియే చూడడంతో లండన్ దారి తెరుచుకుంది. 1956లో టెలివిజన్ వచ్చాక ఆ రేడియో నాటకాల కాలం వెళ్లిపోయింది. ఈనాటి నటికి ఆ స్టూడియోలు లేవు, వాటి స్థానంలో ప్రకటనల గొంతులు ఉన్నాయి. అద్దె కట్టుకోవడానికి మైకు దగ్గరకు పరుగెత్తడం మాత్రం మారలేదు.

అలాంటి ప్రకటన ఒకటి 2023 ఆగస్టులో నాకు దొరికింది. టీకాల గురించి తెలుగులో చెప్పాల్సిన ఆరోగ్య సూచన, 30 సెకన్లది. ఇంగ్లీషులో 30 సెకన్లకు రాసినదాన్ని మాటకు మాట తెనిగించి ఇస్తే, ఎంత వడిగా చదివినా 47 సెకన్లు పట్టింది. స్టూడియోలో తెలుగు తెలిసింది నాకొక్కదానికే. అరగంట పనికి పిలిచినవాళ్లు అనువాదకుడికి ఫోన్ చేసి, వాక్యాలు కుదించి, మళ్లీ చదివించేసరికి రెండు గంటలు దాటింది. 300 డాలర్లు ఇచ్చారు, పైసా పెంచలేదు. ఇన్‌వాయిస్ మీద ఏబీఎన్ అనే వ్యాపార సంఖ్య లేకపోతే 47 శాతం పన్నుగా పట్టుకుంటారని అక్కడే తెలిసింది. ఆ సంఖ్యకు దరఖాస్తు ఉచితం, కాబట్టి మొదటి పని రాకముందే తీసుకుని పెట్టుకోండి. డబ్బు 45 రోజులకు వచ్చింది. తరువాత అలాంటివి ఇంకో నాలుగు చేశాను. మెత్తబరచుకొమ్మన్న ఉచ్చారణకు డబ్బిచ్చింది ఈ పనులే.

ఇక సినిమా. సినిమా విద్యార్థులు తీసే లఘుచిత్రాలు మూడింటిలో చేశాను, భోజనమూ దారిఖర్చులూ ఇస్తారు. రెండు నిమిషాల దృశ్యానికి తొమ్మిది గంటలు పట్టినప్పుడు మొదట విసుగొచ్చింది, తరువాత అర్థమైంది: అదే వాక్యాన్ని పన్నెండోసారి కూడా మొదటిసారిలా చెప్పగలగడమే అక్కడి పని. ఆ చిత్రాల నుంచి తీసిన రెండు నిమిషాల ముక్కలు కలిపి 17 మంది ఏజెంట్లకు పంపాను. ముగ్గురు జవాబిచ్చారు, ఒకరు కలిశారు, ఆవిడే 2023 నవంబరు నుంచి నా ఏజెంటు. కమీషను 10 శాతం.

ఏజెంటు దొరికాక తలుపు తట్టడం తగ్గుతుందనుకున్నాను కానీ, మా పడకగదే ఆడిషన్ హాలు అయిపోయింది. గురువారం సాయంత్రం నాలుగింటికి మెయిలు వస్తుంది, సోమవారం పొద్దున పదింటికల్లా సెల్ఫ్ టేప్ పంపాలి. గోడకు నీలం దుప్పటి కట్టి, 230 డాలర్లు పెట్టి కొన్న దీపాలూ కెమెరా స్టాండూ అమర్చి, పేరూ ఎత్తూ చెప్పి, ఎడమకూ కుడికీ తిరిగి చూపించాలి. కెమెరా వెనక నుంచి ఎదుటి పాత్ర మాటలు మావారు చదివేవారు. ఆయన ప్రతి పాత్రనూ, హంతకుడినైనా సరే, రైల్వే ప్రకటనలా చదువుతారు. పిల్లవాడు నిద్రపోయాక, పక్కింటి కుక్క మొరగడం ఆపాక మొదలుపెట్టి, అర్ధరాత్రి దాటాక ముగించిన రాత్రులు చాలా ఉన్నాయి.

2024 ఫిబ్రవరిలో ఒక టెలివిజన్ సీరీస్‌కు టేప్ పంపాను. ప్రమాదంలో గాయపడిన యువకుడి తల్లి, ఒక దృశ్యం, మూడు వాక్యాలు. ఇంకాస్త ఎక్కువ ఇండియన్ యాక్సెంటుతో చేసి పంపమని వారం తరువాత కబురొచ్చింది. రెండేళ్లుగా వదిలించుకుంటున్నదాన్ని తిరిగి తొడుక్కొమ్మంటున్నారు, అది కూడా నాది కాని కొలతలో. వాళ్ల చెవిలో ఉన్నది హాస్య కార్యక్రమాల్లో వినిపించే యాస, తెనాలిది కాదు. ఒకసారి వాళ్లడిగినట్టు, ఒకసారి మా అమ్మ ఇంగ్లీషు మాట్లాడితే ఎలా ఉంటుందో అలా, రెండూ చేసి పంపాను. ఏది నచ్చిందో చెప్పలేదు. ఏప్రిల్‌లో, ఆ తేదీల్లో ఖాళీగా ఉంటావా అని అడిగారు. దీన్ని పెన్సిల్ వేయడం అంటారు: ఖాళీ ఉంచుకోవలసిన బాధ్యత మనది, పని ఇవ్వవలసిన బాధ్యత వాళ్లకు ఇంకా లేదు. అయిదు వారాలు పెన్సిల్‌లో ఉండి, మే చివరివారంలో సిరాగా మారాను.

స్క్రిప్టు చేతికొచ్చాక చూస్తే, నా చివరి వాక్యం దగ్గర 'కొడుకుతో హిందీలో ఏదో అంటుంది' అని ఉంది. ఆ 'ఏదో' చూసి కాసేపు పేజీ మూసేశాను. ఏజెంటును అడిగితే, కొత్తవాళ్లు ఇలాంటివి అడగకపోవడమే మంచిదని చెప్పింది. అయినా దుస్తులు సరిచూసే రోజున దర్శకురాలు తారసపడితే, నేను హిందీలో ఏడవలేనని, నా భాష తెలుగని చెప్పాను. ఆమె క్షణం ఆలోచించి, మీ ఇంట్లో ఏమంటారో అదే అనండి, కానీ ఏమన్నారో కాగితం మీద రాసి అర్థంతో సహా ఇవ్వండి అంది. నేను ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న బెరుకుకు ఆ జవాబు మరీ చిన్నదనిపించింది.

జూన్ 5న ఉదయం 5 గంటల 15 నిమిషాలకు రమ్మన్నారు. చలి. మూతపడిన పాత ఆసుపత్రిలో షూటింగ్. రోజూ ఆసుపత్రిలోనే పనిచేసేదాన్ని, ఉత్తుత్తి ఆసుపత్రిలో కూర్చోవడానికి తొమ్మిది గంటలు ఎదురుచూసి, మధ్యాహ్నం రెండున్నరకు మంచం పక్కకు వెళ్లాను. మూడో టేకులో, కాగితం మీద రాసిచ్చిన వాక్యం కాకుండా, "లే నాన్నా, అన్నం తిందువుగాని," అని వచ్చింది. మా నాయనమ్మ మమ్మల్ని నిద్ర లేపే మాట అది. పడుకున్న కుర్రవాడికి అర్థం తెలియదు, అయినా అతని కనురెప్ప కదిలింది, దానివల్ల ఆ టేకు పనికిరాదనుకున్నాను. ఆ టేకే ఉంచారు.

రోజుకు అన్నీ కలిపి 980 డాలర్లు, దుస్తుల రోజుకు విడిగా కొంత, దాని మీద 'సూపర్' అనే పదవీ విరమణ నిధికి 11 శాతం; జీతంలోంచి పన్నూ కమీషనూ పోగా మిగిలింది మూడు వారాలకు జమ అయింది. అక్టోబరులో ఆ వాక్యాన్ని మళ్లీ స్టూడియోలో చెప్పించుకున్నారు, ఎందుకంటే అప్పుడు వెనక ఏదో యంత్రం మోగిందట. ఎడిటరుకు తెలుగు రాదు కాబట్టి మాటను ఎక్కడ కత్తిరించకూడదో నేనే వేలుపెట్టి చూపించాను. 2025 మార్చిలో ప్రసారమైంది. నేను కనపడింది 41 సెకన్లు. తెర అడుగున ఇంగ్లీషులో 'లే, కన్నా' అని మాత్రం పడింది, అన్నం సంగతి లేదు. తెనాలిలో ల్యాప్‌టాప్ మీద చూసిన అమ్మ మాత్రం, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి అన్నమేమిటే, జావ అనాల్సింది, అంది.

ఈ మూడేళ్లకు ఖర్చుల గడిలో 4,310 డాలర్లు ఉన్నాయి, జీతం లేని సెలవులు లెక్కవేయకుండా. రెండో గడిలో 3,900 చిల్లర. ప్రస్తుతం ఒక సినిమాకు రెండు వారాలుగా మళ్లీ పెన్సిల్‌లో ఉన్నాను, ఆ తేదీల్లో పిల్లవాడి బడి సెలవులు కూడా ఉన్నందువల్ల ఇండియా టికెట్లు కొనకుండా ఆపి ఉంచాం, వాటి ధర రోజూ పెరుగుతోంది.